నల్లపెట్ట, నీలావతి, ఒక ముంగిస

పెరటి కోళ్ల పెంపకం మీద మండలాఫీసులో శిక్షణ పెట్టిన రోజు నీలావతి చేతికి ఒక రంగుల కాగితం ఇచ్చారు. అందులో పట్టుచీర కట్టుకున్న ఆడమనిషి గింజలు చల్లుతూ నవ్వుతోంది. చుట్టూ కోళ్లు, వెనక పెంకుటిల్లు. నీలావతి ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి, తిరగేసి మరగేసి చూసి, నాలుగు మడతలు పెట్టి కోళ్లగూటి తలుపు సందులో కుక్కింది. గాలి రాకుండా ఉండడానికి అది బాగానే పనికొచ్చింది. బొమ్మలో గద్ద లేదు, కుక్క లేదు. ఆ నవ్వే మనిషి చీర మీద ఒక్క రెట్ట చుక్క కూడా లేదు.

పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే పల్లె ఆమెది. వయసు యాభై దాటింది. పొద్దున వంట, తర్వాత శనక్కాయ కూలి, సాయంత్రం మళ్లీ వంట. వీటి మధ్య ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ కోళ్లు. కూతురు ఉషారాణి హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీకి రోజూ బస్సులో పోయి వస్తుంది. ఆ పిల్ల ఒకసారి ఫోను ఎదురుగా పట్టుకుని, "అమ్మా, కోళ్లంటే నీకెంత ఇష్టమో సెప్పు, వీడియో పెడతా" అంది.

"ఇష్టమేందే? రెట్టలు ఎత్తేదానికి ఎవురికిష్టం?" అంది నీలావతి, చీపురు ఆపకుండా. వీడియో అక్కడితో అయిపోయింది.

ఆమె కోళ్లు మెడ మీద ఈక మొలవని జాతి. చిలమత్తూరు దగ్గర పుట్టింటి నుంచి పెళ్లయిన కొత్తల్లో ఒక పెట్టను గంపలో పెట్టుకుని వచ్చింది. అప్పటి నుంచీ ఆ సంతతే. పుట్టింటి జ్ఞాపకం అని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. ఆ కోళ్లు ఎండకు తట్టుకుంటాయి, పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని కుక్క మీదికైనా లేస్తాయి, తిండికి ఇంటి మీద ఆధారపడవు. అంతే. పోతే అలాంటివి మళ్లీ దొరకవు. సంతలో నాటుకోడి పేరుతో అమ్మేవాటిలో సగం ఎక్కడివో అమ్మేవాడికే తెలియదు.

పోయిన వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది. టీకా మందు వేస్తున్నారని ఊళ్లో చాటిన రోజు నీలావతి కూలికి పోయి ఉంది. వారం తిరిగేసరికి గూడు ఖాళీ. మెడలు వాలేసి, పచ్చగా పారుకుని, ఒకదాని పక్కన ఒకటి పడిపోయాయి. ఊరవతల గుంత తీసి పూడ్చి వచ్చేసరికి ఇంట్లో మిగిలినవి రెండు పెట్టలు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. పక్కింటి పుంజు ఎటూ గోడ దూకి వస్తుంది కాబట్టి జాతి నిలబడాలంటే ఈ రెండూ బతకాలి, పిల్లలు లేవాలి. ఈసారి కూడా పోతే ఇక గూడు పీకేసి కట్టెలు పొయ్యిలో పెడతానని నీలావతి అనుకుంది. మొక్కుకోలేదు, ఒట్టు పెట్టుకోలేదు. ఓపిక ఎంత మిగిలిందో మనిషికి తెలుస్తుంది కదా, అలా తెలిసింది.

రెండు పెట్టలూ గుడ్లకు వచ్చాయి. నల్లపెట్ట గుడ్లు గూట్లో ఉంటున్నాయి. ఎర్రపెట్టవి రోజు విడిచి రోజు మాయమవుతున్నాయి. పెట్ట కూత పెడుతుంది, నీలావతి పోయి చూసేసరికి గడ్డి వెచ్చగా ఉంటుంది, గుడ్డు ఉండదు. కోడి తన గుడ్డు తానే తాగే అలవాటు పడితే దానికి ఒక వైద్యం ఉంది. గుడ్డుకు చిన్న బొక్క పెట్టి, లోపలిదంతా వంచేసి, కారప్పొడి కూరి, పిండిముద్దతో మూసి గూట్లో పెడతారు. ఒకసారి ముక్కు మండితే మళ్లీ ఆ జోలికి పోదు. నీలావతి అలాగే చేసింది. మర్నాటికి కారం గుడ్డు కూడా మాయం. ఎర్రపెట్ట ఎప్పటిలాగే చెత్త కెలుక్కుంటూ తిరుగుతోంది. ముక్కు మండిన జాడ లేదు.

"కారం కూడా తాగేసిందంటే ఇంగ దానికి సిగ్గు లేదు" అంది నీలావతి. ఆ ఆదివారం మరిది వచ్చాడు. గుడ్లు మిగల్చని పెట్టతో జాతి నిలవదని ఎర్రపెట్టను కోశారు, కూరైంది. నీలావతి మొగుడు రంగప్ప తన కంచంలో కాలు ముక్క వేయించుకుని, బాగా ఉడికిందని మెచ్చుకుని, మళ్లీ పులుసు పోయించుకున్నాడు.

రంగప్ప గొర్రెల దళారి. సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి, తువ్వాల కింద వేళ్లు పట్టి ధర కుదిర్చే పని. సొంతంగా ఒక గొర్రెపిల్ల కూడా లేదు. నోరు, తువ్వాల, నలగని తెల్ల చొక్కా, ఇవే పెట్టుబడి. అలాంటి పని చేసేవాడికి శకునాల పిచ్చి ఉండడంలో వింత లేదు. బేరం ఎందుకు కుదిరిందో, ఎందుకు చెడిందో వాళ్లకే తెలియదు కాబట్టి పిల్లి మీదో బల్లి మీదో పెడతారు. రంగప్ప ముంగిస మీద పెట్టాడు. పెరడు చివర మట్టి లేకుండా ఒట్టి రాళ్లు పేర్చిన పాత గోడ ఉంది. దాని సందుల్లో ఒక ముంగిస మకాం. అది కనిపించిన రోజు బేరం కుదురుతుందని ఆయన నమ్మకం. ఊళ్లో చాలామంది నమ్మకమూ అదే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. ముంగిస ఉంటే పాము రాదని కూడా అన్నారు. కోళ్లున్న ఇంట్లో ముంగిస ఉంటే ఏమి మిగలదో మాత్రం ఎవరూ అనలేదు.

వానలు మొదలయ్యాక నల్లపెట్ట పొదుగుకొచ్చింది. నీలావతి దాచిన గుడ్లను ఒక్కొక్కటే దీపం వెలుతురుకు పట్టి చూసి, బొగ్గుతో అడ్డగీత గీసి, గంపలో ఇసుక మీద పేర్చింది. ఉరుముకు గుడ్లు చెడకుండా పక్కన ఒక ఇనుప ముక్క, ఎండుమిరపకాయ పెట్టింది. ఇనుముకూ ఉరుముకూ ఏమి సంబంధమని ఉషారాణి అడిగితే, "నాకేం తెల్సు, పెట్టకుంటే భయం, పెడితే పోయేదేముండాది" అంది. పొదుగు కోడికి పేలు పడతాయి. పట్టాయంటే అది గుడ్ల మీంచి లేచి పోతుంది. అందుకు సీతాఫలం ఆకు తెచ్చి అడుగున పరిచింది. పైన ఇంకో గంప బోర్లించి, దాని మీద రుబ్బురాయి పొత్రం పెట్టింది. మేతకు విప్పేటప్పుడు తప్ప ఆ పొత్రం కదలదు. పిల్లి గానీ కుక్క గానీ ముంగిస గానీ దాన్ని దొర్లించలేవు.

అయినా గుడ్లు తగ్గాయి.

మొదట లెక్క తప్పానేమో అనుకుంది. తర్వాత కూతుర్ని నిలదీసింది.

"ఏమే ఉషా, తలకేమన్నా పూసుకుంటాండావా?"

"షాంపూ."

"గుడ్డు గాదు కదా?"

ఉషారాణికి అర్థమై నవ్వు ఆగలేదు. "పొదిగే గుడ్డు తలకు పెట్టుకుంటే నెత్తి మీద పిల్ల లేస్తాదమ్మా. ఫ్యాక్టరీలో నన్ను జూసి కూత పెడతారు."

"నవ్వుతావులే. ఈ పొద్దు ఇంగొకటి ల్యా."

"నాయన్నడుగు."

"ఆయన ఏంటికి తీస్తాడే? కోడి రెట్ట తగిలితే చొక్కా మార్చే మనిషి."

అది అంతటితో ఆగింది. ఆ మర్నాడు రాళ్ల గోడ పక్కన వేపపుల్లలు ఏరుతూ ఉంటే పగిలిన గుడ్డుపెంకు కాలికి తగిలింది. దాని మీద బొగ్గు గీత. కిందికి వంగి చూస్తే ఇంకో పెంకు, ఇంకొకటి. గీత లేనివీ ఉన్నాయి, ఎండి తెల్లబారినవి. ఒక పెంకు నోట్లో మాత్రం పిండిముద్ద అతుక్కుని ఉంది. లోపల ఎర్రగా కారం.

నీలావతి ఆ పెంకును కొంగున ముడేసుకుంది. ముంగిస తిన్నదన్నది తెలుస్తూనే ఉంది. పొత్రం ఎత్తిందెవరు?

తెల్లవారాక తడిక చాటున నీళ్లు పోసుకుంటూ ఉండగా నల్లపెట్ట గుర్రుమనడం వినిపించింది. చీర చుట్టుకుని, తడి వెంట్రుకలతోనే బయటికి వచ్చింది. సంతకు తయారైన రంగప్ప గోడ ముందర గొంతుక్కూర్చుని, నాలుకతో చ్చు చ్చు అంటూ ఎవరినో పిలుస్తున్నాడు.

"ఏందయ్యా అది?"

రంగప్ప చేయి తువ్వాల కిందికి పోయింది. ఏళ్ల తరబడి తువ్వాల కింద బతికిన చేయి, దానికి ఆ దారి చెప్పనక్కర్లేదు.

"ఏమీ ల్యా. సంతకు పొయ్యేటప్పుడు ఎనకనుంచి పిలవద్దని ఎన్ని తూర్లు సెప్పాలమే నీకు?"

"ముందరికొచ్చి అడుగుతాలే. తువ్వాల తియ్యి."

తీశాడు. అరచేతిలో గుడ్డు. బొగ్గు గీత ఆయన వేళ్లకు అంటుకుని ఉంది. సరిగ్గా అప్పుడే రాళ్ల సందులోంచి ముంగిస తల బయటపెట్టి, ఎర్రటి కళ్లతో ఇద్దరినీ చూసి, గుడ్డు వైపు చూసింది.

రంగప్ప మొహం వెలిగింది. దొరికిపోయిన సంగతే మరిచాడు. "చూస్తివా! వచ్చ!"

"రాక యాడికి పోతాది? రోజూ మేపుతాంటే?"

"మేపేది కాదే. మొన్న ఎండాకాలం తర్వాత కండ్లకు కనపడ్డమే మానేసిండె. బేరాలన్నీ చెడిపాయ. ఏదో ఒగ గుడ్డు పెడితి, వచ్చ. అంతే."

"నువ్వు పిలిస్తే వచ్చేది శకునమెట్లయితాదయ్యా? కుక్కకు ముద్దేస్తే తోకూపుతాది. అదీ శకునమేనా?"

"నీకు తెల్దులే. ఎట్లొచ్చినా కనపడితే సాలు." ఆ మాట అని, తనలో తానే ఏదో గుర్తుచేసుకున్నట్టు, "ఒగ దినం మాత్రం ఏమైందో, గుడ్డు నోట్లో పెట్టుకోని ఎగిరెగిరి పడె. మూతి రాళ్లకేసి రుద్దుకోని పాయ. శానా దినాలు మొగం సూపీల్యా. అన్నాళ్లూ ఒగ బేరమూ తెగల్యా" అన్నాడు, బాధగా.

నీలావతికి నవ్వు రావాల్సిన చోటే. ఆమె నవ్వలేదు.

"ఎర్రపెట్ట గుడ్లు తాగలేదని నీకు తెల్సు."

రంగప్ప చేతిలోని గుడ్డును అటూ ఇటూ తిప్పాడు.

"తెల్సుండీ దాన్ని కోయనిస్తివి. కాలుముక్క ఏయిచ్చుకోని తింటివి. బాగుడికిందని కూడా అంటివి కదయ్యా."

"బాగనే ఉడికిండె" అన్నాడు రంగప్ప, చాలా చిన్న గొంతుతో. ఆయన అబద్ధం ఆడని సందర్భాలు తక్కువ, వాటిలో ఇదొకటి. తర్వాత గుడ్డును ఆమె చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని పోయాడు. ఆ రోజు బేరం కుదిరిందో లేదో ఆమె అడగలేదు. గుడ్డు చల్లబడిపోయింది. అయినా గంపలో పెట్టింది.

మిగిలిన గుడ్లలో కొన్ని లేచాయి. మెడలు బోడిగా, పసుపు నలుపు కలిసిన పిల్లలు. నీలావతి వాటిని చూసి మురిసిపోయిందని రాస్తే బాగుంటుంది కానీ అది నిజం కాదు. ఆమె చేసిన మొదటి పని తలెత్తి ఆకాశంలో గద్దలున్నాయేమో చూడడం, రెండోది గోడ వైపు చూడడం. గుడ్లకు అలవాటుపడ్డ ముంగిస. ఇప్పుడు గుడ్లు లేవు. పిల్లలున్నాయి.

"ఆ బొక్కలు మూసెయ్యయ్యా" అంది.

"శకునం సూపే జీవి. దాని గడపకు రాళ్లు పేర్చమంటావా? నా చేత్తో కాదు."

"నా చేత్తో అయితే ఫర్వాలేదా?"

"నువ్వు సంతకు పోవు కదా" అన్నాడు రంగప్ప, ఆలోచించి.

ఆమే మూసింది. కూలి నుంచి వచ్చాక, పొద్దు వాలేలోగా, బంకమట్టి తెచ్చి, చిన్న రాళ్లు కూరి, ఒక పక్క నుంచి పూడ్చుకుంటూ పోయింది. కానీ అది గోడే కాదు, సందుల కుప్ప. ఒకటి మూస్తే పక్కన ఇంకొకటి కనిపిస్తుంది. రాత్రి వాన కొడితే పొద్దునకి మట్టి జారిపోతుంది. ఇనుప జాలీ కట్టిస్తే పోతుందని ఉషారాణి అంది. హిందూపురం సంతకు పోయిన ప్రతిసారీ రంగప్ప జాలీ తెస్తానని చెప్పాడు. ఒకసారి మరిచాడు, ఒకసారి కొట్టు మూసి ఉంది, ఒకసారి బస్సులో చోటు లేదు. మొగుడిని తిట్టడానికి కూడా బలం కావాలి. శనక్కాయ చేలో వంగి లేచి వచ్చిన నడుము దానికి సహకరించలేదు. పిల్లల్ని పగలంతా గంప కింద మూసి ఉంచితే తిండి సరిపోక వాడిపోతున్నాయి, వదిలితే కాపలా ఉండాలి. కాపలాకు మనిషి లేడు.

ఒక మధ్యాహ్నం రంగప్ప ఇంట్లోనే ఉంటానన్నాడు. సంత లేని రోజు. "నేను సూస్తాలే, ఇడిచిపో" అంటే ఆమె వదిలి పోయింది.

తిరిగి వచ్చేసరికి వసారాలో మంచం మీద ఆయన నిద్రపోతున్నాడు. పెరట్లో నల్లపెట్ట ఈకలన్నీ నిక్కబొడుచుకుని, ఒక రెక్క నేలకీడుస్తూ, గోడకు ఎదురుగా నిలబడి అరుస్తోంది. దాని కాళ్ల మధ్య రెండు పిల్లలు. తక్కినవి లేవు. గోడ పక్కన కొంచెం నూగు, అంతే. ముంగిస చంపితే ఆకలికి సరిపడా చంపి ఊరుకోదు. కదిలిన వాటినన్నిటినీ పట్టి పీకుతుంది.

రంగప్ప లేచి వచ్చి, చూసి, తలగోక్కుని, "గద్దేమో" అన్నాడు.

"గద్ద రాళ్లసందులో దూరతాదా?"

రంగప్ప వంగి ఆ నూగు ఏరాడు. నిజంగానే బాధపడ్డాడు. దాంతో ఆమెకు ఒరిగిందేమీ లేదు. నల్లపెట్ట రెక్కకు పసుపూ నూనే పూసి, రెండు పిల్లలతో సహా గంపలోకి ఎత్తుకుని వీధి దాటింది.

ఎదురింటి వెంకటక్కది సిమెంటు గోడల ఇల్లు. నాపరాళ్లు పరిచిన పెరడు, బొరియ అనేది లేదు. గొలుసుతో కట్టిన కుక్క ఉంది, అది వాసన పట్టి మొరిగితే పిల్లి కూడా దగ్గరికి రాదు. కోళ్లు ఎక్కువైనవాళ్లు ఇంకొకరికి పాలుకు ఇవ్వడం ఊళ్లో మామూలే. కోడి ఒకరిది, సాకేది ఇంకొకరు, పెరిగిన పిల్లలు చెరి సగం. కానీ ఉన్న ఒక్క పెట్టనూ పాలుకు ఇచ్చినవాళ్లు లేరు.

"ఉండేదొక్కటి, అదీ నాకిస్తాండావా నీలా?" అంది వెంకటక్క. వెంటనే గొంతు మార్చి, "మీ ఇంట్లో గుడ్లు తినే జబ్బు ఎవురికో ఉండాదంటనే. ఈది ఈదంతా నవ్వుతాండారు" అంది.

"నవ్వనీలే అక్కా. రెండు పిల్లలుండాయి. చెరొకటి."

"పెద్దయినంక సూద్దాంలే పంపకాలు. ముందు బతకనీ." వెంకటక్క గంప మూత తీసి చూసింది. "ఏమబ్బా, ఇంత బోడిమెడ! సలికి దీనికి తువ్వాల కప్పాలేమో. మీ ఆయన్నడిగి ఒకటి తెచ్చియ్యి."

నీలావతి ఈసారి నవ్వింది.

వెంకటక్క కొన్నాళ్లు పెట్ట కాలికి తాడు కట్టి ఉంచింది. పెట్ట కొత్త చోటికి అలవాటుపడిందనిపించాక విప్పేసింది. పిల్లలు ఎదిగాయి. ఒకటి పుంజు, ఒకటి పెట్ట అని తెలిసేంతవరకు వచ్చాయి. పెట్టపిల్ల ఉంది కాబట్టి జాతి నిలబడ్డట్టే.

ఇక్కడ పెరడు ఖాళీ అయింది. గుడ్లు లేవు, పిల్లలు లేవు, ముంగిస కూడా ఎటో పోయింది. కోళ్లు తిరిగొస్తే అదీ తిరిగొస్తుందని నీలావతికి తెలుసు. రంగప్ప కిరాణా కొట్టులో తెల్లగుడ్లు తెచ్చి గోడ మీద పెట్టి చూశాడు. కాకులు ఎత్తుకుపోయాయి. సంతకు పోయే ముందు ఆయన ఆ గోడ ఎదుట కాసేపు నిలబడి, ఏదీ కదలకపోతే తువ్వాల సర్దుకుని బయల్దేరుతాడు. బేరాలు ఎప్పటిలాగే కొన్ని కుదురుతున్నాయి, కొన్ని చెడుతున్నాయి.

ఒకటే చిక్కు. పగలంతా వెంకటక్క పెరట్లో కెలుక్కుంటూ తిరిగే నల్లపెట్టకు పొద్దు వాలేసరికి ఇల్లు గుర్తొస్తుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని, గేటు కింది సందులోంచి దూరి, వీధి దాటి, నీలావతి గూటి ముందుకు వచ్చి నిలబడుతుంది. గూడు తలుపు మూసి ఉంటే ముక్కుతో కొడుతుంది. ఎన్నాళ్లయినా ఇదే. నీలావతి కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేలోగా అది హాజరు.

"హుష్! నడువ్!" అంటుంది ఆమె. అది కదలదు. చీపురు ఎత్తుతుంది. తన కోడిని తన పెరట్లోంచి తరమడం ఆమెకు చేతకాదు. చీపురు నేలకు కొడుతుంది, కోడి పక్కకు జరిగి మళ్లీ అక్కడికే వస్తుంది.

"ఇంటికొచ్చిన దాన్ని తరుముతావేమే? ఉండనీ పాపం" అన్నాడు రంగప్ప వసారా మీంచి.

"జాలీ తెస్తివా?"

ఆయన లోపలికి పోయాడు.

నీలావతి వంగి, ఎదిగిన పిల్లల్ని రెండిటినీ పట్టి కొంగులో వేసుకుంది. పిల్లల్ని ఎత్తుకుంటే తల్లి వెంట వస్తుందని తెలుసు. వీధి దాటుతూ ఉంటే నల్లపెట్ట గోలపెడుతూ, ఆమె మడమల్ని పొడుస్తూ వెనకే వచ్చింది. వెంకటక్క ఇంటి గేటు తీసి, నీలావతి పిల్లల్ని లోపలికి వదిలింది. పెట్ట ఒకసారి ఆమె వైపు చూసి పిల్లల వెనక పోయింది. నీలావతి గేటు వేసి, కింది సందుకు అడ్డంగా ఒక బండ జరిపి, బయటి మెట్టు మీద కూలబడింది. ఇంట్లో అన్నం ఇంకా పొయ్యి మీద పెట్టలేదు. లేవాలనే ఉంది. మోకాళ్లు మాత్రం కాసేపు ఆగమన్నాయి.